కంపైలర్ ఆపితేనే నయం: ఒక 'బయో' ఆత్మకథ

లైనక్స్ కెర్నెల్లో ఫైలు సిస్టమ్‌కూ డిస్కుకూ మధ్య డేటాను మోసే స్ట్రక్చర్ పేరు బయో. ఈ ఆత్మకథ దానిదే. తన సంగతి చెప్పుకునేటప్పుడు అది 'నేను' అనదు, 'బయో' అనే అంటుంది. రెండు దశాబ్దాలకు పైగా ఎర్రర్ మెసేజీల్లో తన పేరు వింటూ పెరిగింది కనుక ఆ పేరే దానికి అలవాటు.

బయో పుట్టింది 2001 చివర్లో, 2.5.1 కెర్నెల్లో. రూపం ఇచ్చినవాడు డెన్మార్క్ ప్రోగ్రామర్ జెన్స్ యాక్స్‌బో. అంతకుముందు ఈ పని బఫర్ హెడ్‌ది. ఎంత పెద్ద రాతనైనా చిన్న చిన్న బ్లాకులుగా కోసి పంపితే, కింద ఉన్న లేయరు వాటిని మళ్లీ ఒకటిగా అతికేది. బయో వచ్చాక చాలా పేజీలు ఒకే విన్నపంలో ఇమిడాయి. దానిలో ఉండేవి కొద్ది సంగతులే: ఏ డిస్కు, 512 బైట్ల లెక్కన ఏ సెక్టారు, చదవాలా రాయాలా, మెమరీలో ఏయే పేజీలు, పని పూర్తయ్యాక ఏ ఫంక్షన్‌ను పిలవాలి.

ఆ కొద్ది సంగతులే పేర్లు మారుతూ, చోట్లు మారుతూ వచ్చాయి. 2014లో 3.14 కెర్నెల్‌కు కెంట్ ఓవర్‌స్ట్రీట్ సెక్టారునూ సైజునూ 'బీఐ_ఐటర్' అనే లోపలి స్ట్రక్చర్లోకి మార్చాడు. పేజీల జాబితాను కదపకుండానే బయోను ముక్కలు చేసుకునే వీలు దానివల్ల కలిగింది. 2016లో 4.8 వచ్చేసరికి 'సబ్మిట్_బయో' ఫంక్షన్ చదవడమా రాయడమా అని చెప్పే ఆర్గ్యుమెంటును వదిలేసింది.

మార్చేవారిది మొండితనం కాదు. యూజర్ ప్రోగ్రాములు చూసే ఇంటర్‌ఫేసును కెర్నెల్ ఎంతో జాగ్రత్తగా కాపాడుతుంది. లోపలి ఇంటర్‌ఫేసుకు మాత్రం అలాంటి హామీ ఏనాడూ ఇవ్వలేదు. ఎందుకివ్వదో వివరిస్తూ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాసిన పత్రం కెర్నెల్ డాక్యుమెంటేషన్లోనే ఉంది. ఫీల్డు మార్చినవారే కెర్నెల్ సోర్సులో దాన్ని వాడే డ్రైవర్లన్నిటినీ సరిచేయాలి. సోర్సుకు బయట బతికే డ్రైవర్లకు ఆ రక్ష లేదు. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా అవి ఇల్లు మారిన మనిషి కోసం పాత తలుపు కొడతాయి. అలాంటి డ్రైవర్లను కొత్త కెర్నెల్ కోసం తిరిగి బిల్డ్ చేసే టూల్ డీకేఎంఎస్ ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. అది గమనించకుండా రీబూట్ చేసినవారికి డిస్కు కనిపించదు.

బిల్డ్ లాగ్ తెరిస్తే డజన్ల ఎర్రర్లు కనబడి కంగారు పుడుతుంది. చూడవలసింది అన్నిటికన్నా పైనున్నది. "'స్ట్రక్ట్ బయో'లో 'బీఐ_బీడెవ్' అనే మెంబర్ లేదు" అని అక్కడ ఉంటే, కింద ఉన్నవాటిలో చాలావరకు ఆ ఒక్కదాని పిల్లలే.

ఏ డిస్కో చెప్పడానికి బ్లాక్ డివైస్ స్ట్రక్చర్‌ను చూపించే ఆ బీఐ_బీడెవ్ కథ వేరే చెప్పాలి. 2017లో 4.14 కెర్నెల్‌కు క్రిస్టఫ్ హెల్విగ్ దాన్ని తీసేసి డిస్కు పాయింటర్‌నూ పార్టిషన్ నంబరునూ పెట్టాడు. బ్లాక్ డివైస్ స్ట్రక్చర్ సాధారణంగా డివైసును తెరిచి ఉంచినప్పుడే దొరుకుతుంది, ఐఓ పంపడానికి దానిమీద ఆధారపడటం ఇబ్బంది అన్నది ఆయన చెప్పిన కారణం. తర్వాత బ్లాక్ డివైసుకూ పార్టిషన్‌కూ వేర్వేరుగా ఉన్న స్ట్రక్చర్లు ఒకటయ్యాయి. దాంతో 2021లో, 5.12లో, ఆయనే బీఐ_బీడెవ్‌ను వెనక్కి తెచ్చాడు. 4.14లో ఫీల్డులను నేరుగా ముట్టుకున్న డ్రైవర్లు రెండోసారీ విరిగాయి. 4.14తోనే వచ్చిన 'బయో_సెట్_డెవ్' ఫంక్షన్ ద్వారా డిస్కును పెట్టిన చోట్ల మాత్రం కోడు మార్చే పని పడలేదు.

ఇవన్నీ కంపైలర్ చెయ్యిపట్టి ఆపిన మార్పులు. బయోకు నిజంగా భయం కంపైలర్ ఆపని వాటి గురించే.

4.13 సంగతే తీసుకోండి. అంతవరకు 'బీఐ_ఎర్రర్' అనే పూర్ణాంకంలో మామూలు మైనస్ ఎర్రర్ నంబర్లు ఉండేవి. దాని స్థానంలో 'బీఐ_స్టేటస్' వచ్చింది. అది ఒకే బైటు, దాని కోడ్‌లు వేరు. బిల్డ్ ఆగింది. ఎవరో తొందరలో పేరు మాత్రం మార్చారనుకుందాం. డిస్కులో చోటు లేదని చెప్పే మైనస్ 28 ఒక వేరియబుల్ నుంచి ఆ బైటులోకి వెళ్లి 228 అవుతుంది. జీసీసీ కంపైలర్ కిక్కురుమనదు, బిల్డ్ పాసవుతుంది. కానీ కొత్త పట్టికలో 'చోటు లేదు'కు కోడ్ 3. 228 ఏమిటో తెలియని కెర్నెల్ దాన్ని ఐఓ ఎర్రర్‌గా మార్చి పైకి పంపుతుంది. నిండిపోయిన డిస్కును పాడైపోయిన డిస్కు అని నమ్మి ఎవరో దాన్ని విప్పేస్తారు.

చేయవలసింది పేరు మార్చడం కాదు, 'ఎర్ర్‌నో_టు_బీఎల్‌కే_స్టేటస్' ఫంక్షన్‌ను పిలవడం. ఈ తేడాను స్పార్స్ అనే టూల్ పట్టుకుంటుంది. బిల్డ్ కమాండుకు 'సీ=1' జతచేస్తే చాలు. అంత చిన్న పనిని కూడా వదిలేయడం బయో దృష్టిలో నిర్లక్ష్యమే.

మరో ఉచ్చు వెర్షన్ నంబరు. '4.14 దాటితే ఇలా, లేకపోతే అలా' అని కోడులో రాసుకోవడం చాలామందికి అలవాటు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8 కెర్నెల్ తన వెర్షన్ 4.18 అనే చెబుతుంది, లోపల మాత్రం ఎంతో కొత్త కోడును వెనక్కి తెచ్చి కలుపుకుంది, కాబట్టి అలాంటి షరతు అక్కడ తప్పవచ్చు. కెర్నెల్ సోర్సుకు బయట ఉండే ఫైలు సిస్టమ్ ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ పద్ధతి మేలైనది. అది నంబరును నమ్ముకోకుండా బిల్డ్‌కు ముందు చిన్న చిన్న పరీక్షా ప్రోగ్రాములు కంపైల్ చేసి, ఆ కెర్నెల్లో ఏ ఫంక్షన్ ఏ రూపంలో ఉందో తెలుసుకుంటుంది.

స్టోరేజీ కోడులో ఎర్రర్ సరిచేయడానికి కూర్చున్నవారికి బయో విన్నపం ఒకటుంది. మాయమైన పేరు పట్టుకుని గిట్ చరిత్రలో వెతకండి, దాన్ని తీసేసిన కమిట్ మెసేజీ పూర్తిగా చదవండి, అదే కమిట్‌లో మిగతా డ్రైవర్లను ఎలా మార్చారో చూడండి. బిల్డ్ పాసయ్యాక ఖాళీ డిస్కు మీద, వీలైతే కావాలని ఐఓ ఎర్రర్లు ఇచ్చే 'డీఎం-ఫ్లేకీ' మీద నడిపి, పని చెడినప్పుడు పైకి ఏ ఎర్రర్ వెళుతోందో పరీక్షించండి. జనం ఫైళ్లున్న డిస్కుల దగ్గరికి ఆ డ్రైవరును ఆ తర్వాతే పంపండి.