ఎవరి కొలతకో కొన్న స్లీవు

వాచిన చేతిని నొక్కి పట్టి ఉంచడానికి వదిన ఇచ్చిన స్లీవు కొత్తదిలా ఉంది. అంత కొత్తగా ఎందుకు మిగిలిపోయిందో నేను అడగలేదు. అప్పుడే అడిగి ఉంటే నా కుడిచెయ్యి ఇవాళ ఇంత బరువుగా ఉండేది కాదేమో. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. నేను కొలతల మీద బతికే మనిషిని మరి. కాకినాడలో జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించాను. అక్క ఆది జాకెట్టు తెచ్చి చెల్లెలికి అదే కొలతతో కుట్టమంటే ఒప్పుకోను, మనిషిని పంపమంటాను. అలాంటిదాన్ని, జబ్బుపడ్డ నా చేతికి మాత్రం వేరొకరి కోసం కొన్నది తొడుక్కున్నాను.

నాకు కుడి రొమ్ములో క్యాన్సర్. ఆపరేషన్లో చంకలోని లింఫు గ్రంథులు కూడా తీసేశారు. తర్వాత కీమో, రేడియేషన్. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది: కుడిచేతికి బీపీ చూడనివ్వకండి, సూది వేయించుకోకండి, ఏ కాస్త వాపు కనిపించినా వెంటనే రండి అని. అన్నిటికీ తలూపాను. కానీ ఆ రోజు నా మనసులో నిలిచింది ఒక్కటే, గడ్డ పోయిందన్న మాట. మిగతావి చెవిదాకా వచ్చి ఆగిపోయాయి.

చేతిలోని సన్నని రక్తనాళాల నుంచి బయటికి ఊరే నీటిని, మాంసకృత్తులని పీల్చుకుని మళ్ళీ రక్తంలో కలిపేవి లింఫు నాళాలు. వాటి దారి చంకలోని గ్రంథుల మీదుగా వెళుతుంది. ఆ గ్రంథులు తీసేస్తే, పైన రేడియేషన్ కూడా పడితే, దారి ఇరుకైపోతుంది. నీరు చేతిలోనే నిలిచిపోతుంది. దాన్నే లింఫెడీమా అంటారు. చంకలో గ్రంథులన్నీ తీయించుకున్నవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరు దీని బారిన పడతారు. ముందుగా ఒకటి రెండు గ్రంథులే తీసి పరీక్షించి అక్కడితో ఆపగలిగినవాళ్ళకి ఈ ముప్పు చాలా తక్కువ. నెలల్లో రావచ్చు, ఏళ్ళు గడిచాకా రావచ్చు.

నాకు సుమారు ఏడాదికి మొదలైంది. జాకెట్టు కుడిచెయ్యి బిగిసింది, ఎడమది ఎప్పటిలాగే ఉంది. నేనేం చేశానంటే, కుడిచేతి కుట్టు విప్పి, లోపల మడిచి వదిలిన గుడ్డలోంచి పావంగుళం ఇచ్చి మళ్ళీ కుట్టుకున్నాను. కొన్నాళ్ళకి అదీ బిగిస్తే ఇంకో పావంగుళం. ఒక్కో జాకెట్టూ అలా విప్పి కుట్టి, లోపలి గుడ్డంతా అయిపోయేదాకా వచ్చాను. ఒళ్ళు చేస్తే రెండు చేతులూ బిగుస్తాయి, ఒకటే బిగిసిందంటే అది ఒళ్ళు కాదు. ఇంతమందికి కొలతలు తీసినదాన్ని, ఇది నాకు తెలియక కాదు. రాత్రి తలగడ మీద చెయ్యి ఎత్తి పడుకుంటే తెల్లారేసరికి వాపు తగ్గేది. ఆ తగ్గడాన్ని పట్టుకుని, ఏమీ లేదని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి అదే అసలైన అదను. ఎత్తి పెడితే తగ్గే దశలో వైద్యం మొదలైతే చెయ్యి చాలావరకు దారికొస్తుంది. నిర్లక్ష్యం చేస్తే నిలిచిన నీటి చుట్టూ కణజాలం గట్టిపడి, కొవ్వు పేరుకుపోతుంది. అప్పుడు ఎంత ఎత్తి పెట్టినా తగ్గదు.

సిగ్గు కూడా ఉంది. మా గోదావరి జిల్లాల్లో వాచిన చెయ్యి, కాలు చూస్తే మొదట అడిగేది బోద గురించే. కొట్టుకి వచ్చినామె ఒకరు, "బోద పట్టిందా అమ్మా, మాత్రలు మింగలేదా?" అంది. మంచికే అడిగింది. బోదకి కారణం దోమ తెచ్చే పురుగు. అది పాడుచేసేదీ లింఫు నాళాలనే, నాకు ఆపరేషన్ వల్ల పాడైనవీ అవే. పురుగు లేదు కాబట్టి ఆ మాత్రలతో నాకు పని లేదు. ఈ రెండు ముక్కలు ఆమెతో చెబితే సరిపోయేది. చెప్పకుండా మోచేతులు దాటే జాకెట్లు కుట్టించుకున్నాను, అంటే నేనే కుట్టుకున్నాను.

అప్పుడే రాజమండ్రి నుంచి వదిన వచ్చింది. ఆమెకి నాకన్నా ముందే ఇదే ఆపరేషన్ అయింది. "వదినా, ఇది ఊరికే పడుంది, కొత్తదే, నువ్వు వాడుకో," అని బీరువాలోంచి తెచ్చిన స్లీవు చేతిలో పెట్టింది. వేలు పోసి కొన్న వస్తువు, డబ్బు కలిసొచ్చిందనుకున్నాను.

వేసుకున్న మొదటిరోజు నుంచే మణికట్టు దగ్గర కోసుకుపోయింది. పొడవు ఎక్కువైతే చంక దగ్గర రెండు మడతలు వేశాను. మడత వేసిన చోట బట్ట రెట్టింపవుతుంది, నొక్కుడూ రెట్టింపవుతుంది. పైన ఉండే రబ్బరు పట్టీ మధ్యాహ్నానికి చుట్టుకుపోయి చేతికి తాడు కట్టినట్టు పడేది. పైకి పోవాల్సిన నీటికి అక్కడే అడ్డు. ఇక స్లీవు మణికట్టుతో ఆగిపోయింది, కింద అరచేతికి ఏ తొడుగూ లేదు. సాయంత్రమయ్యేసరికి అరచెయ్యి వెనకభాగం ఉబ్బి, వేళ్ళ కణుపులు కనిపించేవి కావు. ఒకరోజు గుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర కంతలో బొటనవేలు ఇరుక్కుపోయింది. సబ్బునీళ్ళు పోసి తీశాను. తీసిన వేలు తెల్లగా, మొద్దుబారి ఉంది. కాసేపు నొక్కుకుని, మళ్ళీ అదే కత్తెర పట్టాను.

ఎందుకు ఓర్చుకున్నానంటే, బాధపెడితేనే అది పనిచేస్తోందని నమ్మాను. చేదుగా ఉంటేనే కషాయమని, మండితేనే మందని విని పెరిగాం. కీమో అలాగే భరించాను, రేడియేషన్‌కి చర్మం నల్లబడితే అలాగే భరించాను. స్లీవునీ అదే లెక్కలో వేశాను. ఓర్పు నన్ను చాలాసార్లు గట్టెక్కించింది. అది ఎక్కడ అక్కర్లేదో మాత్రం నాకు తెలియలేదు.

ఉబ్బిన ఆ వేళ్ళకే ఒకనాడు సూది గుచ్చుకుంది. దర్జీ పనిలో సూది గుచ్చుకోవడం ఎవరు లెక్కచేస్తారు? మర్నాటికి చలిజ్వరం. చెయ్యంతా ఎర్రగా కందిపోయి, ముట్టుకుంటే కాలుతోంది. ఆసుపత్రిలో చేర్చి ఎడమచేతికి సెలైన్ పెట్టి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. లింఫు సరిగా కదలని చేతిలో చిన్న గాటు కూడా ఇలా ముదురుతుంది. ముదిరిన ప్రతిసారీ మిగిలిన నాళాలు ఇంకాస్త దెబ్బతింటాయి. ఎర్రబడి జ్వరమొస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. దోమకాటు, ఇస్త్రీపెట్టె చురక, గోటి పక్క చర్మం పీక్కోవడం, అన్నీ ఇలాంటివే. ఇప్పుడు వేలికి ఇనుప తొడుగు లేకుండా సూది పట్టను.

జ్వరం తగ్గాక ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి ఫిజియో అమ్మాయి నా కూతురికన్నా చిన్నది. ముందు నా పాత స్లీవుని రెండు చేతులతో సాగదీసి చూసింది. తర్వాత టేపు తీసింది. మణికట్టు నుంచి చంకదాకా నాలుగేసి సెంటీమీటర్లకి పెన్నుతో చుక్క పెట్టి, ప్రతి చుక్క దగ్గరా చుట్టుకొలత రాసుకుంది. ఎడమచేతికీ అంతే. టేపు బిగించలేదు, వదిలేయలేదు, చర్మాన్ని తాకి ఆగింది. నేను మా కొట్లో అమ్మాయిలకి నేర్పేది సరిగ్గా అదే. "ఆంటీ, ఇది మీ కొలతకు కొన్నదేనా?" అని అడిగింది. కళ్ళనీళ్ళు వచ్చాయి.

వాచిన చేతికి స్లీవు కొలత తీస్తే వాపుకే చొక్కా కుట్టినట్టవుతుందట. అందుకే ముందు వాపు దించాలి. దూది, స్పాంజి, తక్కువ సాగే బ్యాండేజీలు వరసలుగా చుట్టి, మెత్తగా చర్మాన్ని కదిలించే మర్దన చేసి, కొన్ని వారాలకి చెయ్యి తగ్గి ఒకచోట నిలిచాక, పొద్దున పూట కొలిచింది. ఆ మర్దన 1930లలో డెన్మార్క్‌కి చెందిన వాడర్ దంపతులు రూపొందించిన పద్ధతి. గట్టిగా పిసకడం కాదు, ముట్టుకున్నట్టే ఉండదు.

స్లీవుల్లో రెండు రకాల అల్లిక ఉంటుంది. ఒకటి గొట్టంలా గుండ్రంగా అల్లేది. కుట్టు లేకుండా పల్చగా, బాగా సాగుతుంది. వాపు తక్కువగా, చెయ్యి ఆకారం చెడకుండా ఉన్నవాళ్ళకి చాలు. రెండోది బల్లపరుపుగా అల్లి, అంచులు కలిపి కుట్టేది. దీనికి పొడవునా కుట్టు ఉంటుంది, బట్ట కాస్త మందం. కానీ అల్లేటప్పుడే ఎక్కడ ఎన్ని కుట్లు కావాలో పెంచుతూ తగ్గిస్తూ పోతారు కాబట్టి ఎవరి చేతికి తగ్గట్టు వారికి వస్తుంది, మడతల్లోకి కోసుకుపోదు. నాకు రెండోదే రాశారు, అరచేతి తొడుగుతో సహా. చూడటానికి మోటుగా ఉందని నేను వెనకాడితే, ఆ అమ్మాయి వేయించి అరగంట కూర్చోబెట్టింది. మోచెయ్యి వంచమంది, మిషను తొక్కుతున్నట్టు చేతులు ఆడించమంది, వేలికొసల రంగు చూసింది, తిమ్మిరి ఉందా అని అడిగింది. ఏమీ లేదు. నొప్పి పెట్టకుండా చేతిని పట్టుకుని ఉండే స్లీవు ఒకటుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

నొక్కుడుకి కూడా లెక్క ఉంది. జర్మన్ కొలమానంలో మొదటి తరగతి 15 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం, రెండోది 23 నుంచి 32. మణికట్టు దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. కాన్రాడ్ జాబ్‌స్ట్ అనే ఇంజినీరుకి కాళ్ళలో సిరల జబ్బు ఉండేదట. ఈతకొలనులో నిలబడితే ఆ బాధ తగ్గడం గమనించి, లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కదా, అలాగే కింద ఎక్కువ, పైన తక్కువ నొక్కే మేజోళ్ళు చేశాడని చెబుతారు. ఆ సూత్రమే నా చేతికీ వచ్చింది. ఏ తరగతి కావాలో తేల్చాల్సింది చెయ్యి చూసినవాళ్ళే. బిగువు ఎక్కువైతే మేలెక్కువనుకోవడం నేను చేసిన తప్పు.

ఉక్కపోతకి మా ఊరు పెట్టింది పేరు. చెమటకి తడిసిన స్లీవు ఒరుసుకుపోతుంది, అందుకే రెండు కొన్నాను. రోజూ ఒకటి చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో ఆరేస్తాను. గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుని, ఆ గరుకుతో బట్టని కొంచెం కొంచెంగా పైకి నడిపిస్తే మడత పడదు. పైఅంచు పట్టి లాగకూడదు. సుమారు ఆరునెలలకి సాగుడు చచ్చిపోతుంది, మార్చాలి. ఆ ఖర్చు చిన్నది కాదు, కానీ ఆసుపత్రిలో చేరిన ఖర్చు ముందు తక్కువే. ఇక బరువులు ఎత్తితే వాపు పెరుగుతుందని బిందె ముట్టుకోవడం మానేశాను, అదీ పొరపాటే. 2009లో అమెరికాలో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, శిక్షకుల పర్యవేక్షణలో స్లీవు వేసుకుని మెల్లమెల్లగా బరువులు పెంచుకుంటూ పోయిన ఆడవాళ్ళకి వాపు పెరగలేదు, ఉన్నట్టుండి ముదరడాలూ, బాధలూ ఎక్కువ కాలేదు సరికదా తగ్గాయి. ఇప్పుడు నేనూ చిన్న డంబెల్ ఎత్తుతున్నాను.

ఇంత జరిగాక రాజమండ్రి వెళ్ళి వదినని అడిగాను, అది ఎందుకు వాడలేదని. చాలాసేపు చెప్పలేదు. "కోసుకుపోయేది వదినా. అందరూ వేసుకుంటున్నారు, నాకే ఓపిక లేదేమోనని ఎవరితోనూ అనలేదు," అంది. షాపులో భుజం దగ్గర ఒక్కచోట కొలిచి సైజు ఇచ్చారట. చీర కొంగు కింద దాచిన చెయ్యి బయటికి తీసి చూపించింది, నాకన్నా గట్టిగా ఉంది. నేను అప్పుడే అడిగి ఉంటే ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం. ఆమె మా ఇంట్లో ఉండి వైద్యం చేయించుకోవడానికి ఒప్పుకుంది. సోమవారం నుంచి బ్యాండేజీలు మొదలు. కొలత మాత్రం వాపు దిగాకే తీస్తానని ఫిజియో అమ్మాయి ముందే చెప్పింది.