జహనుమా జిరాక్స్ ప్రభువుల సముఖానికి

మహారాజరాజశ్రీ జిరాక్స్ సెంటర్ యజమాని అన్నగారికి,

జహనుమా బస్తీ వాలంటీర్ల తరఫున నమస్కారాలు, సలాములు.

ఈ లేఖ కలెక్టరుకో, పోలీసు కమిషనరుకో రాయాలని మావాళ్లలో కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. వాళ్ల దగ్గర మా గురించి ఉన్నదెంత? రేషన్ కార్డు ఒకచోట, ఓటరు లిస్టు ఇంకోచోట, కరెంటు బిల్లు మరోచోట. ఒక ఆఫీసు ముచ్చట ఇంకో ఆఫీసుకు తెలియదు. మీ కంప్యూటర్‌లో మాత్రం అన్నీ 'డౌన్‌లోడ్స్' అనే ఒక్క ఫోల్డరులోనే పడి ఉన్నాయి. ఒకరి ఆధార్, ఒకరి బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఒకరి కూతురి టెన్త్ మెమో, ఇంకొకరి అత్తగారి డెత్ సర్టిఫికెట్. ఇంజన్‌బౌలి నుంచి షంషీర్‌గంజ్ దాకా ఎవరింట్లో ఎవరున్నారో, ఎవరికి ఏ బ్యాంకులో ఖాతా ఉందో మీ ఒక్కరికే తెలుసు. కాబట్టి మా వరకు సర్కారంటే మీరే.

ఈ అధికారం మీరు కోరి తెచ్చుకున్నది కాదని తెలుసు. 2020 అక్టోబరు వాన తెచ్చిపెట్టింది. పదమూడో తారీఖు రాత్రి కురిసిన కుండపోతకు ఫలక్‌నుమా పక్కన అల్ జుబైల్ కాలనీ మునిగింది. బియ్యం డబ్బాలతో పాటు కాగితాల సంచులూ నానిపోయాయి. ప్రభుత్వం ఇంటికి పదివేల సాయం ప్రకటించింది. మొదట్లో నేరుగా చేతికిచ్చారు, తర్వాత మీసేవలో దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఆధార్ కావాలి, బ్యాంకు ఖాతా కావాలి, ఫోన్ నంబరు కావాలి. జీహెచ్‌ఎంసీ ఎన్నికల కోడ్ ఉందని నవంబరు 18న ఎన్నికల సంఘం ఆపించే దాకా మీసేవల ముందు లైన్లు తగ్గలేదు. మా పిల్లలు ఇల్లిల్లూ తిరిగి, ఆరబెట్టిన ఆధార్ కార్డులను ఫొటోలు తీసి, మీ నంబరుకు వాట్సాప్ కొట్టారు. మీరు ప్రింట్లు తీసిచ్చారు, చాలామంది దగ్గర పైసా తీసుకోలేదు. అప్పుడది మంచి పనే, ఇప్పుడూ మంచి పనే అంటాను. మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డవాణ్ని ఆపి గోప్యత గురించి ఉపన్యాసమిచ్చేవాడికి బుద్ధి లేనట్టే.

కాని అన్నా, నీళ్లు తీసేశాయి. ఫొటోలు తీసేయలేదు.

ఇక మీ క్యాష్ డబ్బా వెనక గోడకున్న అట్టముక్క సంగతి. నీలం మార్కరుతో పైన మా కమిటీ జీమెయిల్, కింద పాస్‌వర్డ్. అమ్మవారి పేరు, 'అట్' గుర్తు, 123. చెమట చేతులకు చెరిగిపోతుందని మీరే దానికి లామినేషన్ కూడా చేశారు. ఆ పాస్‌వర్డ్ మాకందరికీ తెలుసు. పాస్‌పోర్టు ఫొటోలకు వచ్చేవాళ్లకూ తెలుసు. నిరుడు కమిటీ మీద అలిగి వెళ్లిపోయినవాళ్లకు మరీ బాగా తెలుసు.

ఆ జీమెయిల్‌లో ఏముంటుందిలే అంటారేమో. బోనాల సాయం కోసం దేవాదాయ శాఖకు పెట్టిన దరఖాస్తు ఉంది. గణేశ్ మండపానికి పోలీసు పోర్టల్‌లో నింపిన ఫారం ఉంది. చందాల ఎక్సెల్ ఉంది, అది బయటపడితే మహా అయితే రెండు వీధుల మధ్య నాలుగు మాటలు పెరుగుతాయి. రంజాన్‌లో రేషన్ కిట్లు తీసుకున్న ఇళ్ల జాబితా కూడా ఉంది. నాకు భయమంతా దాంతోనే. ఎవరింట్లో సంపాదించే మనిషి లేడో, ఏ ఇంట్లో ఆడమనిషి ఒక్కతే ఉంటుందో ఫోన్ నంబరుతో సహా రాసిపెట్టిన కాగితమది. వాళ్లు ఆ మాట మా చెవిన వేశారు తప్ప గల్లీకి చాటలేదు.

పాస్‌వర్డ్ మీ గోడ మీదుంటే దాని ఓటీపీ దమ్మామ్‌లో ఉంది. ఖాతా తెరిచిన కుర్రాడి నంబరే ఇప్పటికీ దానికి తగిలించి ఉంది. అతను సౌదీ పోయాడు. మా కోసమే ఇండియా సిమ్ బతికించుకుంటున్నాడు పాపం. కొత్త ఫోన్‌లో ఎవరు లాగిన్ కావాలన్నా అతనికి ఫోన్ కొట్టాలి. మనకు పొద్దున పదైతే అక్కడ ఏడున్నర, మనిషి డ్యూటీ బస్సులో ఉంటాడు. "భాయ్, నంబరొచ్చిందా?" "ఆగన్నా, సిగ్నల్ లేదు." కాసేపటికి స్పీకర్‌లో ఆరంకెలూ వినబడతాయి. మీ దుకాణంలో లైన్లో ఉన్న నలుగురూ వింటుండగా మావాడు వాటిని పైకి చదువుతూ నొక్కుతాడు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని కాలర్ ట్యూన్ పెట్టి మరీ మొత్తుకున్న దేశంలో!

మీ ప్రతిభ ఒకటి కళ్లారా చూశాను. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు ఆధార్ సంస్థ ఒక పాస్‌వర్డ్ పెట్టింది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. మీరు ఫైలు పేరు చూసి అక్షరాలు కొడతారు, మనిషి మొహం చూసి సంవత్సరం కొడతారు. రెండో దెబ్బకో మూడో దెబ్బకో తెరుచుకుంటుంది. ఇందులో మీ తప్పేం లేదు. కార్డు మీద అచ్చేసిన వివరాలతోనే కార్డును దాచాలనుకున్న పెద్దల తెలివి అది.

ఆ పెద్దలను చూసి నేర్చుకుందామన్నా దారి లేదు. ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వొద్దని 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు ప్రకటన చేసింది. జనం కంగారు పడేసరికి రెండు రోజుల్లో కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. 2024 జనవరిలో హయత్‌నగర్ జనం సర్కారు పథకాల కోసం పెట్టుకున్న ప్రజాపాలన దరఖాస్తులు బాలానగర్ ఫ్లైఓవర్ మీద గాలికి ఎగిరాయి. వాటిని అట్టపెట్టెలో పెట్టి బైకు మీద పంపించారట. అదే ఏడాది జూన్‌లో పోలీసుల హాక్ ఐ యాప్ నుంచి జనం వివరాలు బయటికి పోయాయి, ఇరవై ఏళ్ల విద్యార్థిని పట్టుకున్నారు. వీళ్లతో పోలిస్తే మీ దుకాణమే నయం. కనీసం రాత్రి షట్టరు వేస్తారు.

మన గుడి హుండీ తాళంచెవి ఏ ఒక్కడి జేబులోనూ ఉండదు. నలుగురు కూర్చున్నాకే తెరుస్తారు, చిల్లర కూడా లెక్కపెట్టి రాసి సంతకాలు పెడతారు. రూపాయి బిళ్లకు ఇచ్చే మర్యాద మనుషుల కాగితాలకు కూడా ఇప్పించమని మా విన్నపం.

వాలంటీర్లం, జీతం లేదు, ఇంత క్రమశిక్షణ మాతో ఎక్కడవుతుంది అని మావాళ్లంటారు. ఆ మాట చెల్లదు. 2003 డిసెంబరు నుంచి తెలుగు వికీపీడియాను నడుపుతున్నదీ జీతం లేనివాళ్లే. అక్కడ ఒక ఖాతాను పదిమంది వాడరు. ఎవరి పేరుతో వాళ్లు లాగిన్ అవుతారు, ఎవరు ఏ అక్షరం మార్చారో చరిత్రలో ఉండిపోతుంది. పేజీలు తొలగించే హక్కు నిర్వాహకులకే ఉంటుంది, అది కూడా తోటివాళ్లు సరేనంటేనే. పని పంచుకోవడానికి పాస్‌వర్డే పంచుకోనక్కరలేదని ఇరవై ఏళ్లకు పైగా మన భాషలోనే రుజువవుతోంది.

కాబట్టి మీరొక ఫర్మానా జారీ చేయాలి. మా అధ్యక్షుల మాట మేము వినం, మీ మాట వింటాం. కమిటీ ఫైళ్లు డ్రైవ్‌లో ఉంటాయి సరే, 'లింక్ ఉన్న ఎవరైనా' అనే ఏర్పాటు తీసేయాలి. ఎవరికి అవసరమో వాళ్ల సొంత జీమెయిల్‌కే అనుమతి ఇవ్వాలి. చాలామందికి చూసే అనుమతి చాలు, దిద్దే అనుమతి ఇద్దరు ముగ్గురికి ఉంటే ఎక్కువ. మనిషి కమిటీ వదిలిన రోజే అతని పేరు తీసేయాలి, అలిగి వదిలినా సంతోషంగా వదిలినా. పాస్‌వర్డ్ నెలనెలా మార్చే చాదస్తం అవసరం లేదు. అలా ఊరికే మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. తెలిసినవాడు వెళ్లిపోయినప్పుడు మాత్రం మార్చి తీరాలి. అందులో దేవుడి పేరూ, 123 వద్దు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకుంటే చాలు.

ఒక్క పాస్‌వర్డునే ఇద్దరు వాడక తప్పని చోట్లూ ఉంటాయి. వాటికి బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజరు ఉంది, ఇద్దరు పంచుకునేంత వరకు ఉచితం. అధ్యక్షుడు, కోశాధికారి, అంతే. మూడో మనిషికి తెలియాల్సిన పని లేదు. ఇంటర్నెట్ మీద నమ్మకం లేనివాళ్లకు కీపాస్ ఉంది, మొత్తం ఒక్క ఫైలులో తాళం వేసి దాచుకోవచ్చు. దమ్మామ్ కుర్రాణ్ని ఇకనైనా విడిచిపెట్టి, కమిటీ పేరున ఒక సిమ్ము, ఒక పాత ఫోను పెడతాం. గూగుల్ ఖాతాకు పది బ్యాకప్ కోడ్లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. అవి కాగితం మీద రాసి, కవరులో పెట్టి, గుడి బీరువాలో దాస్తాం. వాటి ప్రింట్ మాత్రం మీ దగ్గర తీయం, క్షమించాలి.

మీరు చేయాల్సింది ఎక్కువేం లేదు. ప్రింట్ తీశాక మనిషి ఎదుటే ఫైలు చెరిపేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. మా పిల్లలు మీ సిస్టంలో వాట్సాప్ వెబ్ తెరిచి, లాగౌట్ కాకుండా చాయ్‌కి పోతే, వెనక్కి పిలిచి నాలుగు తిట్టండి. పూర్తి నంబరు అక్కర్లేని చోట మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ తెచ్చుకోమనండి, ఆధార్ సంస్థ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. జిరాక్స్ మీద ఏ పని కోసమో అడ్డంగా రాయించి సంతకం పెట్టించండి. పని అయిపోయాక ఇంకొకరి వివరాలు ఉంచుకోకూడదని 2023 నాటి డేటా రక్షణ చట్టంలో కూడా ఉంది. కాని చట్టం పేరు చెప్పి మిమ్మల్ని బెదిరించే స్థితిలో మేము లేము. మా ఆధార్‌లన్నీ మీ దగ్గరే ఉన్నాయి.

వచ్చే ఆదివారం కొత్త కమిటీ కూర్చుంటోంది. ఆ లోపు 'డౌన్‌లోడ్స్'లో ఉన్న 'వరద 2020' అన్న ఫోల్డరు తీసేయండి, అట్టముక్క చింపేయండి. లామినేషన్ గట్టిది, కత్తెరతో కోయాల్సి వస్తుందేమో. సోమవారం పొద్దున మావాళ్లే ఎవరో ఒకరు వచ్చి "అన్నా, పాస్‌వర్డ్ ఏంది?" అని అడుగుతారు. ఎంత బతిమాలినా చెప్పకండి.

ఇట్లు,
మీ ఖాతాలో బాకీ ఉన్న
ఒక వాలంటీరు, జహనుమా