జాబ్ మేళా ప్రస్థానము

పట్టా పుచ్చుకొన్న కుమారుడు పగలు పండ్రెండు గంటలవఱకు ఫంకా క్రింద నిద్రించుట యెంతటి మహాపరాధమో, ఆ పట్టాకై యేండ్లకొలది ఫీజులు గట్టిన తండ్రికి దెలియును గాని అన్యులకు దెలియదు. ఒకప్పు డీ యపరాధమునకు ప్రాయశ్చిత్తము సులభముగా నుండెడిది. జిల్లా ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేయించి, మూడేండ్ల కొకమాఱు రెన్యూవల్ చేయించుచు, కాల్‌లెటరు తెచ్చు పోస్టుమానుకై వీథి యరుగుమీద గూర్చుండినచో, వానిని నిరుద్యోగి యనెడివారు కారు. ఉద్యోగము రావలసియున్నవాడని గౌరవించెడివారు. అట్లు గౌరవింపబడుచునే తలలు నెఱసినవారిని నే నెఱుగుదును. నేడా నిరీక్షణ తప్పినది. 2014లో నేర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ మొదలు జిల్లా ఉపాధి కార్యాలయముల వఱకు అందఱును జాబ్ మేళాలు జరుపుచున్నారు గనుక, యేండ్ల తరబడి యరుగుమీద గూర్చుండుటకు మాఱుగా ఒక పూట వరుసలో నిలుచుండిన జాలును.

మా మేనల్లునికి తోడుగా నేనును అట్టి మేళా కొకదానికి బోయితిని. కళాశాల మైదానమున షామియానాలు, వాని క్రింద బల్లలు, బల్లల వెనుక ఫ్లెక్సీలు, ఫ్లెక్సీలపై లాప్‌టాపులు పట్టుకొని చిఱునవ్వులు చిందించు విదేశీయులు. ముఖ్య అతిథి రాకయు, జ్యోతి ప్రజ్వలనమును, ఉపన్యాసమును ముగియుసరికి ఎండ నడినెత్తికి వచ్చినది.

అసలు విశేషము గేటు వెలుపలి జిరాక్సు దుకాణమున నున్నది. ఆ దుకాణదారుని కంప్యూటరులో రెజ్యూమే యొక్కటియే కలదు. పేరు మాత్రము మార్చి దానినే యెల్లరకు అచ్చొత్తి యిచ్చుచుండుటచే, జిల్లాలోని పట్టభద్రు లందఱకును ఆశయ మొక్కటియే, సద్గుణము లొక్కటియే, తీరిక వేళల క్రికెట్టాటయు నొక్కటియే. అడుగున ‘పై వివరములన్నియు నాకు దెలిసినంతవఱకు సత్యములు’ అను ప్రమాణము సైత మొక్కటియే. “మామయ్యా, ఇందులో నాన్న పేరు వేరే ఎవరిదో ఉందే!” అని మావాడు గొల్లుమనగా, దుకాణదారు తొణకక, “తొందర్లో చూసుకోలేదు బాబూ, ఐదు రూపాయలివ్వు, నాన్నను మార్చేస్తాను” అనెను.

నాయనలారా, ఆ కాగితము మీరే వ్రాసికొనుడు. వేసవి సెలవులలో ఎరువుల దుకాణమున పద్దులు వ్రాసినవాడు, ఆ సంగతి నామోషీ యని దాచి, ‘పాజిటివ్ యాటిట్యూడ్’ అని వ్రాయుచున్నాడు. బల్ల వెనుకనున్న యధికారికి ఆ యాటిట్యూడ్ ఉదయమునుండి కట్టలు కట్టలుగా వచ్చిపడియున్నది. ఎరువుల దుకాణము ఒక్కటియు రాలేదు.

ఫ్లెక్సీమీది పేరు పెద్దదైన కొలది వరుసయు పెద్దది. ఆ వరుసలో చెమటలు గ్రక్కి తుదకు జేరిన పిమ్మట, పేరు బ్యాంకుదే గాని కూర్చున్నది మనుష్యులను సరఫరా చేయు ఏజెన్సీవారని తేలుటయు గలదు. కావున కొలువు కంపెనీ ఆన్‌రోలా, ఏజెన్సీ ఆఫ్‌రోలా యని ముందే విచారింపవలెను. మూలనున్న మందుల కంపెనీ ప్రతినిధి ఈగలు తోలుకొనుచుండగా మావా డచటికి బోయెను. మాటలాడువారు లేక విసిగియున్న యా పుణ్యాత్ముడు షిఫ్టులు, క్యాంటీను, రాత్రి డ్యూటీకి బస్సు, సమస్తమును వివరించి చెప్పెను. ‘నీ గురించి చెప్పు’ అను ప్రశ్నకు నాలుక తడబడుటయేదో అట్టి ఖాళీ బల్లవద్దనే ముగించుకొనుట మేలు.

ఇక జీతము. సీటీసీ, అనగా కంపెనీకి మీపై నేటికగు మొత్తము వ్యయము, 2.40 లక్షలని చూచి, పండ్రెండింట భాగించి, నెలకు 20 వేలని యింటికి ఫోను చేయకుడు. యజమాని కట్టు పీఎఫ్, ఈఎస్ఐ వాటాలును, గ్రాట్యుటీయు అందులోనివే. సామాన్యముగా ఐదేండ్లు కొలువు చేసినవానికి గాని ముట్టని యా గ్రాట్యుటీని, ఆఱు మాసములకే మానివేయు కుఱ్ఱవాని జీతమున జేర్చి చూపు లెక్కలవాని ప్రతిభకు నమస్కరింపవలసినదే. మూలవేతనము 10 వేలుగా వేసికొని మావాడు రెజ్యూమే వెనుక గుణించి చూడగా, తనవంతు కోతలును వృత్తిపన్నును బోను చేతికి వచ్చునది 16 వేల చిల్లర. అందు ‘వేరియబుల్’ ఉన్నచో నదియు నుండదు.

పశువుల సంతలో కొనువాడు ఎద్దు పండ్లు చూచును, డెక్కలు చూచును, అదిలించి నడిపించి చూచును. ఎద్దు మాత్రము కొనువానిని ఒక్క ప్రశ్నయు నడుగదు. మన పట్టభద్రుడును, “ఏమైనా అడగాలా?” యని వారు తామై యవకాశమిచ్చినను, “నో సార్” అని లేచి వచ్చుచున్నాడు. చేతికెంత, ఏ యూరు, బాండు ఎన్నేండ్లు అని యడుగవలసిన సమయ మదియే.

ఉద్యోగమునకు ముందు రిజిస్ట్రేషను ఫీజో, శిక్షణ రుసుమో కట్టుమనిన బల్లవద్ద క్షణమైనను నిలువకుడు. అసలు సర్టిఫికెట్లను చూపి, మరల సంచిలో బెట్టుకొనుడు, ఎవ్వరికిని అప్పగింపకుడు. “ఫోన్ చేసి చెబుతాం” అన్నవారి పేరును, నంబరును అక్కడనే వ్రాసికొని, వారము దాటిన పిదప మీరే ఫోను చేయుడు.