ఒట్టు వేయించాను, వైద్యం చేయించలేదు

మామయ్యకు గొంతు కేన్సర్ అని తేలిన రోజున ఆయన చెయ్యి లాగి నా నెత్తిన పెట్టుకున్నాను. బీడీ, మందు ఇక ముట్టనని ఒట్టు వేయించుకున్నాను. "నీ మీద ఒట్టే అమ్మడూ" అన్నాడు. అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను. ఎంత మూర్ఖత్వం!

డాక్టరుగారు "రోజూ తాగుతారా?" అని అడిగితే, ఆయన నోరు విప్పేలోపే "ఎప్పుడో పండక్కీ పబ్బానికీ అండీ" అనేశాను. పరువు అడ్డొచ్చింది. నిజానికి ఏళ్ల తరబడి పొద్దుగూకితే క్వార్టర్ పడాల్సిందే. నా ఒట్టు కోసం మామయ్య మందు ఒక్కసారిగా ఆపేశాడు. ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. లేని చీమల్ని చూసి దుప్పటి దులుపుతూ కూర్చున్నాడు. జడుసుకున్నాడేమోనని నేను విబూది పెట్టాను. ఫిట్స్ వచ్చాక గానీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు.

రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చని అప్పుడు తెలిసింది. ముందే నిజం చెప్పి ఉంటే మందులిచ్చి, బి1 విటమిన్ ఎక్కించి, కనిపెట్టుకుని ఉండి మాన్పించేవారు.

బీడీ ఒక్కసారిగా మానినా అలాంటి ప్రమాదం లేదు. కానీ నికోటిన్ అందక మొదటి రోజుల్లో చిరాకు, నిద్రపట్టకపోవడం తప్పవు. ఆ బాధ నాతో చెప్పుకోలేక మామయ్య పెరట్లో దొంగతనంగా కాల్చి, జామాకు నమిలి లోపలికి వచ్చేవాడు. అప్పటికి ఆయనకు కరెంటు, అదే రేడియేషన్, పెడుతున్నారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వల్ల రక్తం మోసే ఆక్సిజన్ తగ్గుతుంది. ఆక్సిజన్ అందని కణితి మీద రేడియేషన్ సరిగా పనిచేయదు. నోటిపూత ముదురుతుంది, పుండ్లు త్వరగా మానవు. రోగం వచ్చేశాక మానితే ఏం లాభమని బంధువులంటే నేను మాట్లాడకుండా ఊరుకున్నాను. మానాల్సింది అప్పుడే!

ఆఖరికి నా ఒట్టు నేనే తీసేశాను. "ఎన్ని కాలుస్తున్నావో చెప్పు మామయ్యా, తిట్టను" అన్నాను. ఏడుస్తూ చెప్పాడు. ఉన్నదున్నట్టు డాక్టరుగారికి చెప్పాం. నోరు పూసింది కాబట్టి నికోటిన్ గమ్ వద్దని, ఒంటికి అంటించే ప్యాచ్ రాశారు. కౌన్సెలరు దగ్గరికి పంపారు. మామయ్య మధ్యలో తప్పాడు, మళ్లీ మొదలుపెట్టాడు, చివరికి మానేశాడు.

పొగాకు మానాలనుకునేవారి కోసం 1800-11-2356 అనే ఉచిత నెంబరు బీడీ ప్యాకెట్ల మీదే అచ్చేసి ఉంటుంది. ఎన్ని బీడీ కట్టలు విసిరికొట్టానో, ఒక్కసారీ దాన్ని చదవలేదు.

మీ ఇంట్లో కేన్సర్ వచ్చిన మనిషి ఇంకా కాలుస్తుంటే, తాగుతుంటే ఒట్టు అడక్కండి. రోజుకెంతో అడగండి. తిట్టకుండా వినండి. విన్నది విన్నట్టు డాక్టరుకు చెప్పండి.