టిక్ టిక్కా, టక్ టక్కా?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి చక్రాలు ఎలా తిరుగుతాయో పాఠం చెబుతున్న ఫిజిక్స్ లెక్చరరు గారికి, తన బండి చక్రం ఎందుకు మోగుతోందో మూడు వారాలైనా అంతుపట్టలేదు. ఈ సంగతి క్లాసులో పొక్కకుండా ఉండాలని బండిని కాలేజీకి రెండు సందుల అవతల నిలిపి నడిచి వెళ్లేవారు.

బండి జిప్సీ. 1985లో మారుతి వాళ్లు మార్కెట్లోకి తెచ్చి, 2019 వచ్చేసరికి షోరూముల్లోంచి తప్పించేసిన పాత కాపు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి ఒకటి కొనాలని లెక్చరరు గారికి తెనాలిలో డిగ్రీ చదివే రోజుల నుంచీ కోరిక. అది తీరేసరికి ఆయనకి నలభై ఎనిమిది, బండికి పద్దెనిమిది. ఇద్దరికీ మోకాళ్ల దగ్గర ఏదో ఒకటి పట్టేస్తూనే ఉంది.

వానలు పడుతుండగా ఒక ఆదివారం కుటుంబాన్నంతా ఎక్కించుకుని వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలకి వెళ్లారు. మట్టిదారిలో బండి దిగబడింది. పొలం నుంచి వస్తున్న కుర్రాడొకడు ముందు చక్రాల దగ్గర కూచుని ఏదో తిప్పి, లోపలికొచ్చి ఇంకేదో లాగి, బండిని ఒడ్డుకి తెచ్చి ఇచ్చాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. అదృష్టమంటే ఇదీ అనుకుంటూ ఇంటికొచ్చారు. సోమవారం పొద్దున చైతన్యపురి దగ్గర మెట్రో పిల్లర్ల మధ్య యూటర్న్ తీసుకుంటుంటే ఆ మోత మొదటిసారి వినబడింది.

"ఏమండీ, అత్తయ్యగారు మెట్లెక్కుతున్నట్టు లేదూ?" అంది పక్కన కూచున్న భార్య.

వేరే ఊళ్లో అయితే ఆ చప్పుడుతో ఏడాది నెట్టుకురావచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో కుదరదు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు మొదలయ్యాక పైన రైలు సూటిగానే పోతోంది గానీ, కింద బండ్లవాళ్లకి మాత్రం ఎటు వెళ్లాలన్నా ముందు దానికి వ్యతిరేక దిశలో కొంత దూరం పోయి, పిల్లరు చుట్టూ తిరిగి రావడం అలవాటైపోయింది. రోజుకి ఆరుసార్లు స్టీరింగు ఫుల్ కటింగ్. ఆరుసార్లూ అత్తయ్యగారు మెట్లెక్కడమే.

సలహాలకి కొదవ లేదు. బంకులో కుర్రాడు గాలి తక్కువుందన్నాడు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ లోపల ఎలుక దూరిందని, తను కళ్లారా చూశానని చెప్పాడు. మూడో అంతస్తులో కొత్త థార్ కొన్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు, "పెద్ద టైర్లు వేయించారా అంకుల్? నాకూ అలాగే వచ్చింది, మడ్‌గార్డుకి రాసుకుంటాయి" అన్నాడు. డాలస్‌లో ఉన్న బావమరిది ఫోన్ చక్రం దగ్గర పెట్టి వినిపించమన్నాడు. పెట్టారు. అటు వినబడింది బత్తాయిల బండివాడి కేక ఒక్కటే. అయినా బావమరిది తొణకలేదు. "సీవీ యాక్సిల్ పోయింది బావా. ఇక్కడైతే విప్పి చూడరు, మొత్తం మార్చేస్తారు" అన్నాడు. చూడకుండా, వినకుండా చెప్పినవాడి మాట సగమైనా నిజమవుతుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు.

లెక్చరరు గారు శాస్త్రీయంగానే మొదలుపెట్టారు. ముందు అనుమానం బేరింగు మీద. అరిగిన బేరింగు టక్కుటిక్కు అనదు, ఊఁ అని గొణుగుతుంది. వేగం పెరిగితే గొణుగుడూ పెరుగుతుంది. కుడివైపు తిరిగినప్పుడు బండి బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి, అప్పుడు గోల పెరిగితే తప్పు ఎడమ బేరింగుది. ఇదంతా తెలిసినవాడు కనుక ఆదివారం తెల్లవారుజామున అద్దాలు దించి ఎల్బీనగర్ అండర్‌పాస్‌లోంచి బండి పోనిచ్చారు. గోడలు చక్రాల చప్పుడుని తిప్పికొట్టి చెవిలో పోస్తాయి, స్టెతస్కోపు అక్కర్లేదు. సూటిగా పోతుంటే గొణుగుడు లేదు. బేరింగు నిర్దోషి. బ్రేకు డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య కంకర ఇరుక్కుంటే వచ్చే కిర్రు కాదు, బాల్ జాయింటు వదులైతే గతుకులో పడగానే వచ్చే దబ్బు కాదు. ఇది తిరిగితేనే వస్తోంది, తిరగడం అయిపోగానే మానేస్తోంది.

చివరికి ఆటోనగర్ వెళ్లారు.

ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డులో వనస్థలిపురం దగ్గర ఆటోనగర్ వస్తుంది. పక్కనే మహావీర్ హరిణ వనస్థలి. జింకలు ఒకవైపు మేత మేస్తుంటే ఇంకోవైపు లారీలు పొట్టలు విప్పుకుని పడుకుని ఉంటాయి. అక్కడొక షెడ్డులో ఉస్తాద్ ఉన్నాడు. చేతిలో పానా, చెవి వెనక పెన్సిలు.

"ఏం సప్పుడు సార్?"

"తిరిగేటప్పుడు టక్ టక్ అంటోంది ఉస్తాద్."

"టక్ టక్కా, టిక్ టిక్కా?"

"రెండిటికీ తేడా ఏముంది?"

"చాన ఫరక్ ఉన్నది సార్. టిక్ టిక్ అంటే లోపల గుండ్లు. టక్ అంటే ఏదో బిగుసుకొని వదుల్తున్నది. కట్ కట్ అంటే ఇంకొకటి."

లెక్చరరు గారు కళ్లు మూసుకుని గుర్తుచేసుకుని, నాలుక అంగిట్లో కొట్టి చూపించారు. షెడ్డులో పనిచేసే కుర్రాడు చోటూ నవ్వాపుకోలేక టైరు వెనక్కి పోయాడు. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు. "నోటితోని చెయ్యకు సార్, బండితోని చెయ్యి" అన్నాడు.

తెలుగులో చప్పుళ్లకి ఉన్నన్ని మాటలు రంగులకి కూడా లేవు. గలగల, కటకట, కిచకిచ, టపటప. సాహిత్యం పేపరు దిద్దేవాళ్లు వీటిని ధ్వన్యనుకరణాలని రెండు మార్కులిచ్చి వదిలేస్తారు. ఆటోనగర్‌లో వాటి మీదే బిల్లు తయారవుతుంది, అక్షరం మారితే వేలు మారతాయి.

షెడ్డు ముందు తారురోడ్డు మీద ఫుల్ కటింగ్ కొట్టి మెల్లగా తిప్పమన్నాడు ఉస్తాద్. తను బండి పక్కన నడుస్తూ మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించాడు, జ్వరం చూసినట్టు. స్టీరింగు బరువుగా కదిలింది. బండి ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు ముక్కింది. టైరు కిచ్‌మంది, తర్వాత ఒక్క టక్కుతో బండి చిన్న గెంతు గెంతింది. ఉస్తాద్ చక్రం వైపు చూడనే లేదు. కిటికీలోంచి తల లోపల పెట్టి, పెద్ద గేరు రాడ్ పక్కనున్న పొట్టి రాడ్ చూశాడు. దాని తల మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. నాలుగు చక్రాల మీద ఉందని చెప్పాల్సిన దీపం ఎప్పుడో మాడిపోయింది.

"ఈ చిన్న రాడ్ ఎన్ని దినాల్నుంచి గిట్లున్నది సార్?"

అనంతగిరి కుర్రాడు లాగిన రోజు నుంచీ.

ఇక్కడ లెక్చరరు గారి ముఖం చూడాల్సింది. అంతా ఆయన బోర్డు మీద రాసే లెక్కే. జిప్సీ ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 2,375 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే ముందుది సుమారు 5.5 మీటర్లతో తిరగాలి. అంటే ఒక్క యూటర్న్‌లో వెనకది నడిచేది 15.7 మీటర్లు, ముందుది 17.4. ఫోర్ వీల్‌లో పెట్టినప్పుడు జిప్సీలో ముందూ వెనకా షాఫ్టులు రెండూ ఒకటే వేగంతో తిరుగుతాయి, మధ్యలో సర్దుబాటు చేసే డిఫరెన్షియల్ లేదు. ఆ 1.7 మీటర్ల తేడాని ఎక్కడో ఒకచోట టైరు జారి పూడ్చాలి. బురదలో హాయిగా జారుతుంది. తారురోడ్డు మీద జారనంటుంది. గేర్లూ షాఫ్టులూ మెలిపెట్టుకుని, ఇక ఓపలేక ఒక్కసారి వదులుతాయి. అదే టక్కు. మూడు వారాలు, రోజుకి ఆరు యూటర్న్‌లు. ముందు టైర్ల అంచులు చోటూ అప్పటికే వేలితో తడిమి చూస్తూ చప్పరిస్తున్నాడు.

ఉస్తాద్ పొట్టి రాడ్ తోశాడు. చక్రాల మధ్య హబ్బుల మీదున్న బిళ్లల్ని "లాక్" నుంచి "ఫ్రీ"కి తిప్పాడు. ఎడమది సులువుగా తిరిగింది, కుడిదానికి కిరసనాయిలు పట్టాల్సి వచ్చింది. మళ్లీ అదే రోడ్డు మీద అదే కటింగ్. చప్పుడు లేదు. జింకల పార్కులోంచి నెమలి అరుపు స్పష్టంగా వినబడింది.

లెక్చరరు గారు పర్సు తీయబోయారు.

"ఆగు సార్. టిక్ టిక్ సంగతి తేలలే."

హబ్బులు ఫ్రీలో ఉంటే ముందు చక్రం బేరింగు మీద తనంతట తను తిరుగుతుంది, లోపలి యాక్సిలూ, దాన్ని చక్రానికి కలిపే సీవీ జాయింటూ నిద్రపోతాయి. నిద్రపోయేవాడు గురక పెట్టడా అంటే, వీడు పెట్టడు. కాబట్టి వాణ్ని లేపి వినాలి, పైగా టక్కు అడ్డం రాని చోట వినాలి. బండిని షెడ్డు వెనక వదులు మట్టి ఉన్న ఖాళీ జాగాలోకి తీసుకెళ్లి, మళ్లీ లాక్ చేసి, ఫోర్ వీల్‌లో పెట్టి, ఫుల్ కటింగ్‌లో యాక్సిలరేటర్ నొక్కాడు. టక్కు రాలేదు. కుడివైపు నుంచి సన్నగా, గడియారంలాగా టిక్, టిక్, టిక్. చక్రం జోరందుకుంటే అదీ జోరందుకుంది.

సీవీ జాయింటు. డాలస్ బావమరిదికి సగం మార్కులు.

జాకీ ఎత్తి, ఇనుప గోళం వెనక చిరిగిన సీలు దగ్గర వేలు పెట్టి, కాస్త గ్రీజు తీసి రెండు వేళ్ల మధ్య రుద్ది లెక్చరరు గారి చేతికిచ్చాడు ఉస్తాద్. ఆయనా రుద్దారు. గరగరలాడింది. అనంతగిరి ఇసుక. థార్‌లాంటి బండ్లలో అయితే ఈ జాయింటు రబ్బరు బూటు తొడుక్కుని బయటికే కనబడుతుంది. బూటు చిరిగితే చక్రం లోపలివైపంతా గ్రీజు చిమ్మి ఉంటుంది, చెవితో పని లేదు.

చేతికి మట్టంటగానే లెక్చరరు గారిలో మాస్టారు లేచాడు. అడ్డకమ్మీలాంటి పాత క్రాస్ జాయింటు ముప్ఫై డిగ్రీలు వంగితే, చక్రం వేగం ఒక్కో చుట్టులో రెండేసిసార్లు పదిహేను శాతం దాకా పెరిగి, పదమూడు శాతం దాకా తగ్గుతుందనీ, అందుకే స్టీరింగు వణుకుతుందనీ చెప్పారు. ఆ బాధ తప్పించడానికే 1926లో ఫోర్డ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా ఆరు ఉక్కు గుండ్లని గాళ్లలో కూర్చి ఈ జాయింటు కనిపెట్టాడనీ, ఆ గాళ్లు అరిగి గుండ్లు కొట్టుకోవడమే ఈ చప్పుడనీ వివరించారు. "ఆయన పేరు రాయడం ర్జెప్పా గానీ పలకడం షెప్పా" అని ముగించారు.

"అవును సార్, షెప్పిన గదా మొదలే, లోపల గుండ్లని" అన్నాడు ఉస్తాద్.

జాయింటు వెంటనే మార్చాలా అంటే, అక్కర్లేదన్నాడు. సీలు మార్చి, పాత గ్రీజు కడిగి కొత్తది పెడతాననీ, హబ్బులు ఫ్రీలో ఉన్నంతకాలం అది తిరగదు, మోగదనీ చెప్పాడు. మళ్లీ బురదలోకి పోయేముందు మాత్రం తెచ్చి చూపించమన్నాడు. సాయంత్రం లెక్చరరు గారి భార్య ఇదంతా విని, "అంటే మనం ఊళ్లో నడిపేది రెండు చక్రాల మీదేనా? మరి మిగతా రెండిటికీ ఎందుకిచ్చాం డబ్బులు?" అంది. ఆయన దగ్గర సమాధానం ఉంది గానీ చెప్పలేదు.

తర్వాతి వారం టెస్టులో ఐదో ప్రశ్నగా ఆ యూటర్న్ లెక్కే ఇచ్చారు. ముందు, వెనక ఇరుసులు నడిచే దూరాల తేడా కనుక్కోండి, నాలుగు మార్కులు. వెనక బెంచీలోంచి సూర్యాపేట పిల్లవాడు లేచాడు, వాళ్ల నాన్నకి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుందట.

"సార్, హబ్బులు లాక్‌ల ఉన్నయా, ఫ్రీల ఉన్నయా? లెక్కల ఇయ్యలేదు."