బొంత కుట్టే జట్టుకు కొన్ని అడ్డదిడ్డపు సలహాలు

నలుగురు ఆడవాళ్ళం కూడి బొంత కుడదామని అనుకోగానే ఎవరో ఒకరు అంటారు, "బాగా కుట్టేవాళ్ళనే పిలుద్దాం" అని. వద్దు. సూది పట్టడం రానివాళ్ళను కనీసం ఇద్దరిని పిలవండి. చేయి తిరిగినవాళ్ళే కూర్చుంటే బొంత తొందరగా అయిపోతుంది. అయిపోయాక ఎవరింటికి వాళ్ళు. రజాయిలు బజార్లో దొరుకుతున్న ఈ రోజుల్లో అరుగు మీద మోకాళ్ళు నొప్పెట్టేలా కూర్చుని కుట్టడం దేనికి? ఒకరి పక్కన ఒకరు కూర్చోవడానికే. అందుకే కింద చెప్పేవి పనిమంతులకు తలకిందులుగా కనిపిస్తాయి. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను.

కొత్త గుడ్డ కొనకండి. రంగులు కలిశాయా లేదా అని చూడకండి. ఎవరు తెచ్చిన చీర వాళ్ళకు ముద్దు, దాన్ని వేయాల్సిందే. నూలు విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. సింథటిక్ చీర చెమట పీల్చదు, పొరల మధ్య జారి ఒక మూలకు కుప్పపడుతుంది. అలాగని తెచ్చినావిడను తిప్పి పంపకండి. కర్ణాటకలో హళియాళ, ఎల్లాపుర వైపు సిద్ది తెగ ఆడవాళ్ళు కుట్టే బొంతను కవాంది అంటారు. దాని నాలుగు మూలలా గుడ్డముక్కలు మడిచి పెడతారు, వాటి పేరు ఫూలా. అవి లేకపోతే వాళ్ళ లెక్కలో బొంత పూర్తికాదు. మీ బొంతకూ ఆ జారుడు చీర ముక్కలతో మూలలు కట్టండి. తెచ్చినావిడ ముఖం చిన్నబోదు.

5.5 మీటర్ల చీరను సగానికి మడిస్తే 2.75 మీటర్ల పొడవు వస్తుంది. వెడల్పు మాత్రం ఒక్క మనిషికే చాలుతుంది. ఇద్దరు పడుకునే బొంతకు రెండు చీరలు అంచుకు అంచు అతకాలి. ఆ రెండూ ఒకే ఇంటివి కాకుండా చూసుకోండి.

ఎవరి కుట్టూ విప్పకండి. ఇది అన్నిటికన్నా కష్టమైన సలహా, ముఖ్యంగా చిన్న కుట్టు వేయడం వచ్చినవాళ్ళకు. పక్కావిడ వరస వంకరపోతుంటే చేయి ఊరుకోదు. ఆవిడ కాఫీకి లేచినప్పుడు చటుక్కున నాలుగు కుట్లు లాగేసి సరిచేయాలనిపిస్తుంది. అలా చేస్తే మర్నాడు ఆవిడకు తలనొప్పి వస్తుంది, ఆ మర్నాడు చుట్టాలొస్తారు, తర్వాత ఇక రాదు. వంకర వరస కూడా పొరల్ని గట్టిగానే పట్టి ఉంచుతుంది. అంగుళం దాటిన కుట్టుతో మాత్రం ఇబ్బందే, రాత్రి కాలి మెట్టె తగులుకుని దారం పుటుక్కున తెగుతుంది. అప్పుడూ విప్పొద్దు. ఆ పొడుగు కుట్టు నడుమ అడ్డంగా ఒక చిన్న కుట్టు వేసి అదిమిపెట్టండి. ఆవిడ కుట్టూ ఉంటుంది, మీదీ ఉంటుంది.

దారం పొట్టిగా తీసుకోండి. మాటిమాటికీ సూదికి ఎక్కించాల్సి వస్తుందని విసుక్కోవద్దు. చత్వారం వచ్చిన పెద్దమ్మగారు దారం అయినప్పుడల్లా సూది మీ వైపు చాస్తారు. మీరు ఎక్కించి ఇచ్చేలోపు ఒక కబురు చెబుతారు. "పది సూదులు ముందే ఎక్కించి పెడతాను పెద్దమ్మా" అని మాత్రం అనకండి.

మాటల్లేని ఇద్దరుంటే ఒకరిని మానిపించకండి, పక్కపక్కనా కూర్చోబెట్టకండి. ఎదురెదురు అంచుల దగ్గర కూర్చోబెట్టండి. సిద్ది ఆడవాళ్ళు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకొస్తారు. మీరూ అలాగే కుట్టండి. నడుమకు వచ్చేసరికి కత్తెర అందించమని అడగక తప్పదు.

"మిగిలింది ఇంట్లో కుట్టుకొస్తాను" అనేవాళ్ళకు బొంత ఇవ్వకండి. ముక్కలు అతకడం వరకైతే ఎవరింట్లో వాళ్ళు చేసుకోవచ్చు. అమెరికాలో అలబామా నది వంపులో ఉన్న జీస్ బెండ్ నల్లజాతి ఆడవాళ్ళది ఈ పద్ధతే. పైపొర ఎవరికి వారే తమ ఇష్టప్రకారం అతుక్కునేవారు, పొరలు కలిపి కుట్టడానికి మాత్రం నలుగురూ కూడేవారు.

వాళ్ళ కథలో ఇంకొకటుంది. 1966లో ఆ ప్రాంతంలో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టారు. తర్వాత సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండుగలీబులు కుట్టే ఒప్పందం కుదిరింది. గలీబులన్నీ ఒక్కలాగే ఉండాలి, ఎవరి చేయీ కనిపించకూడదు. పేదరికంలో ఉన్నవాళ్ళకు ఆ కూలి అన్నం పెట్టింది, దాన్ని తక్కువ చేయను. కానీ మిగిలిన కార్డురాయ్ పీలికలు ఇళ్ళకు పట్టుకెళ్ళి తమకు తోచినట్టు కుట్టుకున్న బొంతలున్నాయే, 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో జనం నిలబడి చూసినవాటిలో అవీ ఉన్నాయి. మనకు కూడు గడుస్తున్నంతకాలం బుటీకు వాళ్ళ ఆర్డరు ఒప్పుకోవద్దని నా గట్టి అభిప్రాయం. ఆర్డరు వచ్చిన రోజే ఎవరెన్ని వరసలు కుట్టారన్న లెక్క మొదలవుతుంది.

జట్లు చీలేది ఎక్కువగా కుట్టేటప్పుడు కాదు, బొంత అయ్యాక. మొదటిది ఎవరికన్న ప్రశ్న దగ్గర. చీట్లు వేయకండి, ఎక్కువ కుట్టినవాళ్ళకూ ఇవ్వకండి. అందరికన్నా తక్కువ కుట్టినావిడకు ఇవ్వండి. రాలేకపోయిందంటే ఇంట్లో మంచంపట్టిన అత్తగారో పురిటికొచ్చిన కూతురో ఉండి ఉంటుంది. మెత్తటి బొంత అవసరం ఆ ఇంటికే. ఉత్త బద్ధకంతో రాలేదని తెలిసినా ఆవిడకే ఇవ్వండి. రెండో బొంతకు అందరికన్నా ముందు వచ్చి కూర్చుంటుంది. ఈ సంగతి మొదటి చీర పరిచేముందే అందరికీ చెప్పేయండి, తర్వాత చెబితే పక్షపాతం అంటారు.

ఉతకడం కూడా జట్టు పనే. నాలుగైదు పొరల నూలు తడిస్తే ఒక్కరు ఎత్తలేరు, వాషింగ్ మెషిన్‌లో వేస్తే కుట్లు తెగుతాయి. చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నిలబడి, ఇద్దరూ ఎవరి కుడివైపుకు వాళ్ళు మెలిపెట్టి పిండాలి. ఇంట్లో మగవాళ్ళున్నారు కదా అనుకోకండి, జట్టులోని ఆవిడనే కేకేయండి. మేడమీద ఆరేశాక మధ్యాహ్నం తిరగేయాలి, దానికీ ఇద్దరుండాలి. భోజనం అక్కడే పెట్టేయండి.