పండ్లు తోమిన పాపము

ఓడ యడుగున పట్టిన తుప్పును గీకి, లోహము తళతళలాడిన పిమ్మటనే రంగు పూయుదురని షిప్పుయార్డు ఉద్యోగియగు మా నాయనగారి వలన విని పెరిగి, పిదప గోదావరి, కృష్ణ యని నదుల పేరులు పెట్టుకొన్న బ్లాస్టు ఫర్నేసుల నీడను, విశాఖ ఉక్కు కర్మాగారమున గ్రైండింగు చక్రము ముందు 30 ఏండ్లు నిలిచిన నేను, రాచిన కొలది మెరయని వస్తువు లోకమున లేదని నమ్ముటలో వింత యేమున్నది? (1948లో నెహ్రూగారు ‘జల ఉష’ యను ఓడను నీటిలోనికి విడిచిన ముచ్చట మా యింట పప్పుతో పాటు వడ్డింపబడుచుండెడిది.)

పండ్ల విషయమునను ఇదే సిద్ధాంతము. బాల్యమున కచ్చిక, యౌవనమున ఇటుకపొడి, గృహస్థునైన పిమ్మట తెల్లదనమును వాగ్దానము చేయు గరుకు పేస్టు. దానికి తోడు చీపురునకు తమ్ముడనదగిన బ్రష్షు. ఐనను పండ్లు నానాటికి పసుపెక్కుచుండెను. పసుపెక్కిన కొలది తోముట హెచ్చించితిని; తోముట హెచ్చిన కొలది అవి మరింత పసుపెక్కెను. రామకృష్ణా బీచిలో ఐస్‌క్రీము నోట పెట్టి, జివ్వుమనగా సముద్రము వంక చూచి కన్నీరు కార్చిన నన్ను, చూచినవారు భావకవి యని తలచియుందురు.

తుదకు డాబాగార్డెన్సులో ఒక దంతవైద్యుని ఆశ్రయించితిని. ఆయన చిన్న అద్దమును నోట త్రిప్పి, “ఏటండి మాస్టారూ, మీరు పళ్లు తోముకుంటున్నారా, చిత్రిక పడుతున్నారా?” అనెను.

ఎనామిలు పాలవలె తెల్లనిదని నా భ్రమ. అది వెలుతురును కొంత లోనికి పోనిచ్చు పొర యట. దాని క్రింది డెంటిను పుట్టుకతోనే పసుపు. కాఠిన్యమును కొలుచు మోస్ కొలబద్దపై ఎనామిలు సుమారు 5, డెంటిను 3, ఇటుకలోని యిసుక 7. పేస్టులలోని సుద్ద 3 మాత్రమే కనుక ఎనామిలుతో అంతగా పోరాడజాలదు. కాని చిగురు జారి వేరు బయటపడిన చోట ఎనామిలే లేదు కనుక, బ్రష్షును అడ్డముగా త్రోసిన కొలది అచ్చట గొడ్డలిగాటు వంటి నెర్రె పడును. అట్టివి నాకు నాలుగు. పేస్టుల రాపిడికి ఆర్.డి.ఏ. యను లెక్క కలదనియు, అది 250 దాటరాదని అంతర్జాతీయ ప్రమాణమనియు విని, మా యిటుకపొడికి ఆ లెక్క కట్టు సాహసి యెవడా యని ఆలోచించితిని.

అనగా, తెల్లదనమునకై నేను ఇన్నేండ్లు రాచి పోగొట్టుకొన్నది పసుపును కాదు, దానిని కప్పియున్న ముసుగును. ఓడకైన మరల రంగు పూయవచ్చును. ఎనామిలును తయారుచేసిన కణములో, పన్ను మొలచుటతోనే సెలవు పుచ్చుకొనును. మా పింఛనుదారులవలె మరల పనికి రమ్మన్న రావు.

ఇప్పుడు మెత్తని బ్రష్షుతో పసిపాపను లాలించినట్లు తోముకొనుచున్నాను. మిగిలిన గరుకు పేస్టుతో మా యింటావిడ కార్తికమాసపు ఇత్తడి కుందులు తోమగా అవి బంగారమువలె మెరసినవి. “చూశారా, ఎంత మంచి పేస్టో!” అని ఆమె మురిసినప్పుడు నేను నోరు తెరవలేదు.